షోయబుల్లాఖాన్

షోయబుల్లాఖాన్ (1920 అక్టోబరు 17 - 1948 ఆగష్టు 22) హైదరాబాదు సంస్థానానికి చెందిన పాత్రికేయుడు, ఇమ్రోజ్ ఉర్దూ దినపత్రిక సంపాదకుడు. సంస్థానం భారతదేశంలో విలీనం కావాలని వ్రాసినందుకు రజాకార్ల చేతిలో హతుడయ్యాడు.

జీవితం

ఈయన పూర్వపు వరంగల్లు జిల్లాలో జన్మించాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పట్టభద్రుడై తేజ్ వారపత్రికలో చేరాడు. నిజాం ప్రభుత్వం తేజ్‌ను నిషేధించగా, మందుముల నరసింగరావు నడిపిన రయ్యత్ పత్రికలో పనిచేశాడు. దానిపైనా నిషేధం పడడంతో, బూర్గుల రామకృష్ణారావు తోడ్పాటుతో 1947 నవంబరులో ఇమ్రోజ్‌ను ప్రారంభించాడు.

హత్య

స్వతంత్ర హైదరాబాదే ముస్లిములకు రక్ష అని ఖాసిం రజ్వీ అనుచరులు ప్రచారం చేసేవారు. షోయబుల్లాఖాన్ ఈ వాదాన్ని, రజాకార్ల దౌర్జన్యాలను ఖండించాడు. విలీనాన్ని కోరుతూ ఏడుగురు ముస్లిం ప్రముఖులు చేసిన ప్రకటనను 1948 ఆగష్టులో ప్రచురించాడు. ఆగష్టు 21 రాత్రి ఇంటికి వెళ్తుండగా కాచిగూడ ప్రాంతంలో దుండగులు ఆయనను కాల్చి, చేయి నరికారు. తెల్లవారుజామున మరణించాడు.

అనంతర పరిణామాలు

సెప్టెంబరు 17న నిజాం లొంగిపోయాడు. పోలీసు చర్య కాలంలోను, ఆ పిమ్మటను 27,000 నుండి 40,000 మంది మరణించారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. మృతులలో అధికులు ముస్లిములు. రజాకార్లతో సంబంధం లేనివారూ వారిలో ఉన్నారు. ఆ నివేదికను ప్రభుత్వం దశాబ్దాల పాటు ప్రచురించలేదు. రజాకార్లను ఎదిరించి ప్రాణమిచ్చిన ముస్లిములూ ఉన్నారన్న సంగతి ఆ కల్లోలంలో మరుగున పడింది.