గోపరాజు రామచంద్రరావు (గోరా)

గోరాగా ప్రసిద్ధుడైన గోపరాజు రామచంద్రరావు (నవంబర్ 15, 1902 - జూలై 26, 1975) నాస్తికవాది, సంఘ సంస్కర్త, స్వాతంత్ర్య సమరయోధుడు. సనాతన బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, వంశాచారంగా వచ్చిన విశ్వాసాన్ని ఒక్కొక్కటిగా పరీక్షించి విడిచిపెట్టాడు. ఆ కారణంగా పుట్టినిల్లును, ఉద్యోగాన్ని పోగొట్టుకున్నాడు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో భార్య సరస్వతితో కలసి నాస్తిక కేంద్రాన్ని స్థాపించాడు.

బాల్యం, విద్య

రామచంద్రరావు అప్పటి మద్రాసు రాష్ట్రంలోని గంజాం జిల్లా ఛత్రపురంలో జన్మించాడు. ఈ ఊరు ప్రస్తుతం ఒడిషాలో ఉంది. కాకినాడ పిఠాపురం రాజా కళాశాలలోను, మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలోను చదివి వృక్షశాస్త్రంలో ఎం.ఏ. పట్టా పొందాడు. 1922లో సరస్వతితో వివాహం జరిగింది. విజయనగరంలో పుట్టిన ఆమెకు అప్పటికి పదేళ్ళు. ఇంటి ఆచారాలు, పూజలు, మడి మైల అన్నీ ఆ రోజుల్లో ఆ దంపతులకు సహజమైన విషయాలే.

సందేహాలు, పరీక్షలు

1925లో మదురైలోని అమెరికన్ కళాశాలలో అధ్యాపకుడుగా చేరాడు. క్రైస్తవం స్వీకరిస్తే అమెరికాలో పై చదువుకు వెళ్ళే అవకాశం ఉందని అక్కడ ఆయనకు సూచించారు. నమ్మకం కలగకుండా మతం మారడం ఇష్టం లేక దానిని నిరాకరించాడు. అయితే మరొక మతాన్ని కాదన్న మనిషి తన మతాన్ని ఏ ఆధారంతో ఉంచుకోవాలి అన్న ప్రశ్న మిగిలింది. తరువాత కోయంబత్తూరు వ్యవసాయ కళాశాలలో పరిశోధన సహాయకుడుగా, సింహళంలో కొలంబోలోని ఆనంద కళాశాలలో అధ్యాపకుడుగా పనిచేశాడు.

ఆయన సందేహాలు గ్రంథ చర్చలతో ఆగిపోలేదు. ప్రకృతి శాస్త్రాన్ని బోధించేవాడు కావడం వలన నమ్మకాలను కూడా ప్రయోగానికి పెట్టి చూశాడు. దయ్యాలు ఉన్నాయని పేరుబడిన ఇంట్లో కాపురం ఉన్నాడు. గర్భవతులు గ్రహణ సమయంలో బయటకు రాకూడదన్న నమ్మకాన్ని సరస్వతి లెక్కచేయలేదు. ఏ కీడూ జరగకపోవడంతో వారి భయం తగ్గింది. భయం తగ్గిన కొద్దీ దానిపై నిలబడిన ఆచారాలు కూడా తొలగిపోయాయి.

బహిష్కారం, ఉద్యోగ నష్టం

1928లో కాకినాడకు తిరిగి వచ్చి తాను చదివిన కళాశాలలోనే అధ్యాపకుడయ్యాడు. యజ్ఞోపవీతం ధరించడానికి నిరాకరించడంతో తండ్రి ఇంటిని విడిచి వెళ్ళవలసి వచ్చింది. బంధువులు, కులస్థులు దంపతులను దూరంగా పెట్టారు. ఆ రోజుల్లో బ్రాహ్మణ కుటుంబానికి కుల బహిష్కారమంటే శుభాశుభాలకు పిలుపు ఉండదు, పిల్లలకు సంబంధాలు రావు. భర్త తీసుకున్న నిర్ణయాల భారాన్ని రోజువారీ జీవితంలో మోసింది సరస్వతి. ఆమె కూడా తన నమ్మకాలను తానే విచారించి మార్చుకుంది. తరువాతి కాలంలో మూఢనమ్మకాలను ఖండించడానికి ఆమె నిప్పులపై నడిచి చూపింది.

దేవుని గురించి తన భావాలను బహిరంగంగా వెల్లడించినందుకు 1933లో గోరాను కాకినాడ కళాశాల ఉద్యోగం నుండి తొలగించారు. తరువాత మచిలీపట్నం హిందూ కళాశాలలో పనిచేశాడు. అక్కడ కూడా నాస్తికత్వమే అభ్యంతరమయింది. చివరకు 1940లో అధ్యాపక వృత్తినే వదిలివేశాడు.

నాస్తిక కేంద్రం

ముదునూరు గ్రామస్థుల ఆహ్వానంపై గోరా కుటుంబం ఆ ఊరికి తరలివెళ్ళింది. 1940 ఆగస్టు 10న అక్కడ నాస్తిక కేంద్రం ప్రారంభమయింది. అస్పృశ్యతా నివారణ, వయోజన విద్య, సహపంక్తి భోజనాలు, కులాంతర వివాహాలు దీని ముఖ్య కార్యక్రమాలు. 1942 క్విట్ ఇండియా ఉద్యమంలో గోరా, సరస్వతి జైలుకు వెళ్ళారు. 1947లో కేంద్రాన్ని విజయవాడ పటమటకు మార్చారు.

దేవుడు లేడని చెప్పడంతోనే నాస్తికత్వం పూర్తి కాదని గోరా భావించాడు. దేవుడిపైన, విధిపైన ఆధారపడే మనిషి తన బాధ్యతను మరచిపోతాడని, తాను స్వతంత్రుడనని గుర్తించినవాడే సంఘానికి జవాబుదారీగా ఉంటాడని ఆయన వాదం. దీనికి సానుకూల నాస్తికత్వం అని పేరు పెట్టాడు. విశ్వాసం పోయిన చోట ఏర్పడే ఖాళీని సంఘసేవతో, నీతివర్తనతో నింపాలన్నది ఇందులోని సారాంశం.

గాంధీతో చర్చలు

దేవుడు అన్న పదానికి అర్థమేమిటని గోరా 1930లోనే గాంధీకి ఉత్తరం రాశాడు. దేవుడు మానవ బుద్ధికి అందనివాడని గాంధీ బదులిచ్చాడు. ఈ జవాబు గోరాకు తృప్తి కలిగించలేదు. 1944లో సేవాగ్రాం వెళ్ళి గాంధీతో నేరుగా చర్చించాడు. ఇద్దరిలో ఎవరూ తమ అభిప్రాయం మార్చుకోలేదు. అయినా అస్పృశ్యతా నివారణలో గోరా చేస్తున్న పనిని గాంధీ గౌరవించాడు.

గోరా పెద్ద కుమార్తె మనోరమకు, దళిత యువకుడైన అర్జునరావుకు సేవాగ్రాంలో పెళ్ళి జరిపించడానికి గాంధీ అంగీకరించాడు. పెళ్ళి ప్రమాణంలో దేవుని పేరుకు బదులు సత్యం అనే మాట వాడడానికి కూడా ఒప్పుకున్నాడు. 1948 జనవరి 30న గాంధీ హత్యకు గురయ్యాడు. ఆయన లేకుండానే ఆ వివాహం అదే సంవత్సరం మార్చి 13న సేవాగ్రాంలో జరిగింది. గాంధీతో తన చర్చలను గోరా "యాన్ అథీయిస్ట్ విత్ గాంధీ" అనే ఆంగ్ల గ్రంథంలో వివరించాడు. ఇది 1951లో వెలువడింది.

కుటుంబం, చివరి రోజులు

గోరా దంపతులకు తొమ్మిది మంది సంతానం. వారికి దేవతల పేర్లు పెట్టలేదు. ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో పుట్టిన కుమారుడికి లవణం అని, తొమ్మిదవ సంతానానికి నౌ అని పేరు పెట్టారు. 1960లో లవణం, కవి గుర్రం జాషువా కుమార్తె హేమలతను వివాహం చేసుకున్నాడు.

గోరా 1949లో "సంఘం" అనే తెలుగు పత్రికను, 1969లో "ది అథీయిస్ట్" అనే ఆంగ్ల పత్రికను ప్రారంభించాడు. 1972లో విజయవాడలో మొదటి ప్రపంచ నాస్తిక మహాసభ జరిగింది. 1975 జూలై 26న విజయవాడలో ఒక సభలో ప్రసంగిస్తూ మరణించాడు. ఆ తరువాత సరస్వతి కేంద్రాన్ని నడిపించింది. ఆమె 2006లో మరణించింది. గోరా శతజయంతి సందర్భంగా 2002లో భారత తపాలా శాఖ ఆయన స్మారక తపాలా బిళ్ళను విడుదల చేసింది.