రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు గారు



ఈ నెల గోడపత్రికకు ఒక గొప్పవారి జీవితం రాయమని తెలుగు సారు నా వంతు వేసిండ్రు. గాంధీజీ గురించి పోయిన నెలనే వచ్చింది. కొమురం భీం గురించి ఎనిమిదో తరగతి వాళ్లు రాసిండ్రు. నేను ఎవరి గురించి రాయాలె అని రెండు రోజులు ఆలోచించిన. మన హాస్టల్‌లో ఆదివారం టీవీ చూసినంక అందరికీ యాంకర్ కావాలని ఉంటది. గంటె పట్టుకొని మైకు లెక్క మాట్లాడుతం. ఈ సంగతి సారుకు చెప్తే ఆయన నవ్వి, టీవీ లేని రోజుల్లో ముఖం కనబడకుండా ఒట్టి గొంతుతోనే తెలుగు పిల్లలందరికీ అన్నయ్య అయిన ఒకాయన ఉండెనని చెప్పిండ్రు. ఆయన గురించి పుస్తకంలో చదివించిండ్రు. ఆయనే న్యాయపతి రాఘవరావు గారు.

ఆయన గురించి రాయడానికి నాకు ఇంకొక కారణం కూడా ఉన్నది. అది చివరన రాస్తాను.

పుట్టిన ఊరు

రాఘవరావు గారు 1905 ఏప్రిల్ 13న బరంపురంలో జన్మించారు. బరంపురం ఇప్పుడు ఒడిశాలో ఉన్నది. అప్పుడు మద్రాసు రాజధానిలో గంజాం జిల్లా కింద ఉండేది. 1936లో ఒరిస్సా వేరే రాష్ట్రం అయినప్పుడు అటు పోయింది. ఆ ఊరిలో తెలుగు, ఒరియా రెండు భాషలూ వినబడతాయి.

ఇది చదివినప్పుడు నాకు మన మద్నూర్ యాదికొచ్చింది. మనది కూడా అంచు ఊరే కదా. ఇటు దెగ్లూర్ పోతే మహారాష్ట్ర, అటు పోతే కర్ణాటక. సంతల తెలుగు, మరాఠీ, కన్నడ, ఉర్దూ, మా తండా మాట అన్నీ కలిసి వినబడతయి. అంచు ఊరోళ్ల భాష మంచిగుండదని కొందరంటరు. కానీ తెలుగు పిల్లలకు ఇన్నేండ్లు తియ్యగా మాట్లాడిన మనిషి అంచు ఊరిలోనే పుట్టిండ్రు.

రేడియోలోకి

1938 జూన్ 16న మద్రాసులో ఆలిండియా రేడియో కేంద్రం మొదలైంది. అప్పుడు తెలుగువాళ్లకు సొంత రాష్ట్రం లేదు. విజయవాడ కేంద్రం కూడా 1948 దాకా రాలేదు. మన దిక్కు నిజాం రాజ్యం. హైదరాబాదులో దక్కన్ రేడియో ఉండె గాని దాంట్ల ఉర్దూ ఎక్కువ. అందుకే కోస్తా తెలుగువాళ్లు మద్రాసు రేడియో వినేవాళ్లు. రాఘవరావు గారు ఆ మద్రాసు రేడియోలో పిల్లల కార్యక్రమం నడిపిండ్రు. దాని పేరు బాలానందం.

ఇప్పుడు టీవీలో తప్పు మాట్లాడితే ఆపి, మళ్లీ తీసి, మంచిగున్నదే చూపిస్తరు. ఆ రోజుల్లో రేడియోలో ముందుగా రికార్డు చేసి పెట్టుకునే వీలు దాదాపు లేదు. స్టూడియోలో మాట్లాడుతుంటే అదే గడియలో ఇంట్ల వినబడేది. నోట్లోంచి పోయిన మాట పోయినట్టే. పెద్దవాళ్లకే కాళ్లు వణుకుతుండొచ్చు. అట్లాంటి చోట ఆయన తాను ఒక్కడే మాట్లాడి ఊకోలేదు. చిన్న చిన్న పిల్లలను తెచ్చి మైకు ముందట నిలబెట్టిండ్రు. వాళ్లతో పాటలు పాడించిండ్రు, కథలు చెప్పించిండ్రు, నాటికలు వేయించిండ్రు. నాకు ఆయన జీవితంలో అన్నిటికన్నా పెద్ద సంగతి ఇదే అనిపించింది. పిల్లలకు కథ చెప్పే పెద్దలు మస్తుగ ఉంటరు. పిల్లల కథ వినే పెద్దలు తక్కువ.

అన్నయ్య, అక్కయ్య

ఆయన భార్య న్యాయపతి కామేశ్వరి గారు. ఆమె కూడా ఆయనతో పాటు పిల్లల కార్యక్రమాలు నడిపింది. ఆయనను రేడియో అన్నయ్య అని, ఆమెను రేడియో అక్కయ్య అని పిల్లలు పిలిచేవాళ్లు. ఇది వినగానే మా తరగతిల అందరం నవ్వినం. అన్నయ్య భార్య వదిన కావాలె గాని అక్కయ్య ఎట్లయితదని సారును అడిగినం. పిల్లలకు ఆయన అన్నయ్య, ఆమె అక్కయ్య, వాళ్లిద్దరికీ ఆ వరుస లేదు అని సారు చెప్పిండ్రు. తరువాత ఆలోచిస్తే నాకు సమజయింది. వాళ్లను ఎవరూ సారు, మేడం అనలేదు. సారు అంటే భయం ఉంటది. అన్నయ్య అంటే భయం ఉండదు. భయం లేకపోతేనే నోరు వస్తది.

1940లో వాళ్లు ఆంధ్ర బాలానంద సంఘం స్థాపించిండ్రు. రేడియో స్టేషన్ దాకా అందరు పిల్లలు రాలేరు కదా. అందుకే పిల్లలు ఎక్కడున్నరో అక్కడనే ఆట, పాట, నాటిక నేర్చుకొనేటట్టు తెలుగునాట ఎన్నో చోట్ల బాలానంద సంఘాలు పెట్టించిండ్రు.

బాల పత్రిక

రేడియోలో మాట గాలిలో కలిసిపోతది. విన్నవాళ్లకే తప్ప మిగతావాళ్లకు అందదు. 1945లో రాఘవరావు గారు, కామేశ్వరి గారు బాల అని పిల్లల పత్రిక మొదలుపెట్టిండ్రు. అది రెండో ప్రపంచ యుద్ధం అయిపోయిన సంవత్సరం. కాగితానికి కరువు ఉన్న రోజులు. మద్రాసు నుండే వచ్చిన చందమామ ఇంకా పుట్టలేదు, అది 1947లో వచ్చింది. బాలలో లటుకు, చిటుకు అనే ఇద్దరి పేర్లతో వచ్చే ముచ్చట్లంటే పిల్లలకు బాగా ఇష్టం.

బాలలో కూడా ఆయన రేడియోలో చేసిన పనే చేసిండ్రు. పిల్లలు రాసినవి అచ్చువేసిండ్రు. ముళ్లపూడి వెంకటరమణ గారి మొదటి కథ 1945లో బాలలోనే వచ్చింది. ఆయన 1931లో పుట్టిండ్రు. లెక్క చేస్తే అప్పటికి ఆయనకు 14 ఏండ్లు. అంటే నా ఈడే! బాపు గారు ఆయనకన్నా చిన్న. చిన్నప్పుడు ఆయన బొమ్మలు కూడా బాలలో వచ్చినయి. తరువాత ఇద్దరూ కలిసి ముత్యాలముగ్గు లాంటి సినిమాలు తీసిండ్రు. మన హాస్టల్‌లో టీవీల చూసిన శ్రీరామరాజ్యం కూడా వాళ్లదే. పెద్దగ అయినంక అందరూ మెచ్చుకుంటరు. 14 ఏండ్ల పిల్లగాడు రాసిన కాగితం తీసుకొని, ఇది అచ్చువేద్దాం అన్నవాళ్లు మాత్రం ఈ అన్నయ్య, అక్కయ్యలే.

బాల పత్రిక 1959 వరకు నడిచి ఆగిపోయింది.

హైదరాబాదుకు

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. ఆ సంవత్సరమే వాళ్లిద్దరూ మద్రాసు నుండి హైదరాబాదుకు వచ్చిండ్రు. హైదరాబాదు ఆకాశవాణిలో బాలానందం ఆదివారం మధ్యాహ్నం వచ్చేది. నారాయణగూడలో బాలానంద సంఘం నడిచింది. అక్కడ ఎంతోమంది పిల్లలు ఆట, పాట, మాట నేర్చుకున్నరు. 1977లో హైదరాబాదుకు దూరదర్శన్ వచ్చింది. టీవీ వచ్చినా రేడియో అన్నయ్య పేరు రేడియో అన్నయ్యగానే ఉండిపోయింది. కామేశ్వరి గారు 1980లో, రాఘవరావు గారు 1984 ఫిబ్రవరి 24న కన్నుమూశారు.

ఇవన్నీ మా దాదాకు చెప్పిన. మా దాదా దగ్గర పాత ట్రాన్సిస్టర్ ఉండె. దాంట్ల పర్భణి స్టేషన్ మరాఠీ పాటలు సాఫుగ వస్తుండె, హైదరాబాదు పెడితే గరగరమంటుండె. బాలానందం విన్నవా అని అడిగితే, ఆదివారం పగలు మేకల ఎంబడి ఉంటుంటి, ఎట్ల వింట అన్నడు. అప్పుడు నాకు కొంచెం బాధయింది. పట్నం పిల్లలు మైకు ముందట నిలబడ్డరు. మా తండా పిల్లలకు ఆ గొంతు వినబడనే లేదు. ఇది ఆ అన్నయ్య తప్పు కాదు. ఒక్క మనిషి ఎంత దూరం రాగలడు? మిగిలిన దూరం వేరేవాళ్లు నడవాలె.

నా మాట

ఇప్పుడు ఆ ఇంకో కారణం రాస్తున్నాను. మా ఇంట్ల బడికి వచ్చినదాన్ని నేనే మొదలు. మా యాడి ఇప్పటికీ వేలిముద్ర వేస్తది. నేను ఐదో తరగతిలో చేరినప్పుడు ప్రార్థనలో వార్తలు చదివితే శ, ష, స మూడూ ఒక్కతీరుగ పలికిన. అందరూ నవ్విండ్రు. రెండేండ్లు మళ్లీ ముందుకు పోలేదు.

పోయిన నెల ఐదో తరగతి చెల్లె ఒకామె వార్తలు చదివింది. జిల్లా కలెక్టర్ అనబోయి తప్పు పలికింది. అందరితో పాటు నేను కూడా నవ్విన. నవ్వినంక ఆమె ముఖం చూసిన. అది అప్పటి నా ముఖమే. ఆ రోజు నుండి ఆమె ముందటికి వస్తలేదు. రేడియో అన్నయ్య గురించి చదివేటప్పుడు ప్రతి పేజీలో నాకు ఆ చెల్లెనే కనబడ్డది. ఆయన పిల్లలకు మైకు ఇచ్చిండ్రు. నేను ఒక పిల్ల చేతిలో నుంచి మైకు గుంజుకున్న.

నిన్న రాత్రి అన్నం తిన్నంక ఆమె దగ్గర కూర్చొని తప్పు ఒప్పుకున్న. ఆమె ఏమీ అనలేదు. చాలాసేపయినంక వాళ్ల నానమ్మ చెప్పిన నక్క కథ మా తండా మాటలో చెప్పింది. ఎక్కడా ఆగలేదు. ఆ కథ నేను తెలుగులో రాసుకున్న. వచ్చే నెల గోడపత్రికలో ఆమె పేరు మీదనే వస్తది. సారు కూడా సరే అన్నరు.

మిత్రులారా, ఒక్క మాట అడుగుతున్న. శనివారం బాలసభలో మొదటి పది నిమిషాలు ఐదు, ఆరు తరగతుల వాళ్లకు ఇద్దాం. ఇంటి భాషలో చెప్పినా, తెలుగులో చెప్పినా వాళ్ల ఇష్టం. మనం కింద కూర్చొని విందాం. ఎవరైనా తప్పు పలికితే ఆగుదాం, నవ్వొద్దు. ఏదో ఒక రోజు మనలో ఎవరో నిజంగా యాంకర్ అయితరు. కాకపోయినా ఎవరికో అక్కయ్య అయితే చాలు.

ఇట్లు
మీ తోటి విద్యార్థిని,
9వ తరగతి, మద్నూర్