నీలిరంగు చెప్పిన రహస్యం

భీమవరంలో 1895 జనవరి 12వ తేదీన జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారికి బాల్యంలో చదువు సులభంగా అబ్బలేదు. రాజమహేంద్రవరంలో చదువుకొన్న ఆయన, మూడవ ప్రయత్నంలో మదరాసులోగాని మెట్రిక్యులేషన్ పరీక్ష గట్టెక్కలేకపోయారు. తరువాత వైద్యవిద్య ముగించి, మామగారి ధనసహాయంతో అమెరికా చేరి, హార్వర్డులో సైరస్ ఫిస్కేగారి వద్ద జీవరసాయన పరిశోధనకు పూనుకొన్నారు.

దేహద్రవాలలోని భాస్వరాన్ని ఖచ్చితంగా కొలవడం ఎలా అన్నదే వారి ముందున్న సమస్య. ఆమ్లద్రావణంలో ఫాస్ఫేటు మాలిబ్డినం అనే లోహంతో కూడి సంశ్లిష్ట సమ్మేళనంగా మారుతుంది. దానిని క్షయకరణం చేస్తే నీలిరంగు పుడుతుంది. భాస్వరం ఎంత ఉంటే రంగు అంత చిక్కన. ఈ సూత్రంపై గురుశిష్యులు 1925లో ప్రకటించిన పద్ధతిని ప్రపంచంలోని ప్రయోగశాలలెన్నో స్వీకరించాయి.

అయితే కండరసారాన్ని పరీక్షించినప్పుడు రంగు వెంటనే పూర్తిగా రాక, మెల్లమెల్లగా చిక్కబడసాగింది. పద్ధతిలోని లోపమని దానిని తోసివేయవచ్చు. వారు తోసివేయలేదు. భాస్వరం మరొక పదార్థంతో బంధింపబడి ఉండి, ఆమ్లంలో క్రమంగా విడివడుతున్నదని గ్రహించారు. 1927లో వెల్లడించిన ఆ పదార్థమే ఫాస్ఫోక్రియేటిన్. కండరం శ్రమించునప్పుడు తరిగి, విశ్రమించునప్పుడు తిరిగి నిండే శక్తినిధి అది.

అనంతరం 1940లో లెడర్లీ సంస్థలో చేరారు. 1945లో వారి నాయకత్వాన ఫోలికామ్లం కృత్రిమంగా తయారయింది. 1948 ఆగస్టులో న్యూయార్కులో మరణించేవరకు మాతృదేశాన్ని మరల చూడలేదు.

పరీక్షలో తప్పిన బాలుని, ప్రయోగంలో ఆలస్యంగా వచ్చిన రంగును తొందరపడి తీసివేయరాదని ఈ జీవితం మనకు చెబుతున్నది.