జీన్ ఏయర్సు

గరుకు చొక్కా తొడిగిన నేడ్చుచు, బడిగంట మ్రోగిన చెవులు మూసికొను బాలుని మొండివాడని దండించుట లోకమున పరిపాటి. అది మొండితనము గాదని వాదించిన విదుషీమణి చరిత్రమును మే మిందు సంగ్రహముగ వ్రాయుచున్నారము.

జీన్ ఏయర్సు 1920 జూలై 18వ తేదీన అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, వైసేలియాయందు జనించెను. ఆమె పెరిగినది అక్రోటు తోటలో. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున ఆక్యుపేషనల్ థెరపీ, అనగా పనిపాటల మూలమున నొసగు చికిత్సను అభ్యసించి, 1961లో డాక్టరు పట్టము వడసెను.

చర్మము, లోచెవి, కండరములు, కీళ్లు పంపు వార్తలను మెదడు చక్కగా కూర్చుకొనలేనిచో, స్వల్పస్పర్శయు బిడ్డకు బాధ యగునని యామె సిద్ధాంతము. మా తుళ్లూరి మిరపకల్లములలో క్రొత్తవానికి ఘాటెట్లుండునో, అట్టి బిడ్డకు గరుకుబట్ట యట్లుండునని మే మూహించుచున్నాము. చికిత్సయో, కేవల మాటయే! వ్రేలాడు ఉయ్యెలలు, చక్రముల పలకలు, ఏటవాలు బల్లలు అమర్చి, బిడ్డయే తన యాట నెన్నుకొనునట్లు చేసెను. బలవంతము లేదు. చింతకొమ్మ యుయ్యెల నెఱిగిన మన పల్లెవారికిది వింత గాదు.

ఈ సిద్ధాంతమును 1972లో గ్రంథముగ వెలువరించి, 1979లో తలిదండ్రుల కొఱకు వేఱొకటి వ్రాసెను. పండితులందఱు నంగీకరింపలేదు. 2012లో అమెరికా శిశువైద్యుల సంఘము నిదర్శనములు చాలవని హెచ్చరించెను. ఆ హెచ్చరిక న్యాయమే. కాని బెత్తమునకు నిదర్శన మడిగినవా రెందఱు?

ఏయర్సు 1988 డిసెంబరులో క్యాన్సరుచే మృతినొందెను. నాలుగు మొదలు ఎనిమిదేండ్ల బిడ్డలకై యామె కూర్చిన 17 పరీక్షల సంపుటి మరుసటి యేట అచ్చయ్యెను.