చికాగో కంటే ముందు మన సికింద్రాబాద్‌లో వివేకానందుడు

అబిడ్స్‌లోనో నాంపల్లిలోనో బస్సెక్కితే సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీ ఎంతో దూరం కాదు. 1893 ఫిబ్రవరి 13న, ముప్పై ఏళ్ల స్వామి వివేకానంద అక్కడ దాదాపు వెయ్యిమంది ముందు ఇంగ్లీషులో మాట్లాడారు. పాశ్చాత్య దేశాలకి తాను ఎందుకు వెళ్లాలనుకుంటున్నారో చెప్పారు.

అంతకు ముందు రోజే ఆయన నవాబు ఖుర్షీద్ జాని కలిశారు. ప్రయాణానికి వెయ్యి రూపాయలు ఇస్తానన్నారు నవాబు. స్వామీజీ చేతిలో డబ్బు లేదు. అయినా తీసుకోలేదు. వెళ్లమని దైవాజ్ఞ ఇంకా రాలేదు, వచ్చాక చెప్తానన్నారు.

తర్వాత మద్రాసు వెళ్లారు. శారదామాత ఆశీర్వాదం అందాకే మనసు కుదుటపడింది. శిష్యులు చందాలు పోగుచేశారు. మే 31న బొంబాయిలో ఓడెక్కారు. సెప్టెంబర్ 11న చికాగో సభలో ఏం జరిగిందో మీకు తెలిసిందే.

ఫారిన్ అనగానే మనం వీసా, టికెట్టు, బ్యాంక్ బ్యాలెన్స్ చూసుకుంటాం. ఆయన మాత్రం ఎవరి పని మీద వెళ్తున్నారో ముందు చూసుకున్నారు.

జై శ్రీరామకృష్ణ!