వయోలిన్ కుర్రవాడు, న్యాయపీఠం, ఒక రాజీనామా: ఏబ్ ఫోర్టస్ జీవితం

అమెరికాలోని మెంఫిస్ నగరంలో, 1920ల్లో, నృత్యసభల్లో వయోలిన్ వాయించి చదువుకు డబ్బు కూడబెట్టుకున్న కుర్రవాడొకరు ఉండేవారు. పేరు ఏబ్ ఫోర్టస్. తర్వాతి కాలంలో ఆయన దేశ సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యారు. చివరకు డబ్బు ప్రస్తావనతోనే ఆ పీఠం వదులుకున్నారు.

1910లో ఒక సాధారణ యూదు కుటుంబంలో ఫోర్టస్ జన్మించారు. తండ్రి కలపతో సామాను తయారుచేసే పనివాడు. కౌమారంలో ఫోర్టస్‌కు తోడుగా నిలిచింది వయోలినే. ఊరివారు ఆయనను ఫిడేలు ఏబ్ అని ముద్దుగా పిలిచేవారు. ఉపకార వేతనంతో కళాశాల చదువు ముగించి, యేల్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివి 1933లో పట్టా పొందారు.

రూజ్‌వెల్ట్ ప్రభుత్వంలో ఉన్నత పదవులు నిర్వహించాక, 1946లో మిత్రులతో కలిసి వాషింగ్టన్‌లో న్యాయవాద సంస్థను నెలకొల్పారు. 1948లో లిండన్ జాన్సన్ సెనేట్ అభ్యర్థిత్వం కోర్టు వివాదంలో చిక్కుకున్నప్పుడు దానిని గట్టెక్కించినవారిలో ఆయన ముఖ్యులు. వకీలును పెట్టుకోలేని గిడియన్ అనే ఖైదీ పక్షాన కూడా ఆయన వాదించారు. 1963లో వచ్చిన ఆ తీర్పు, తీవ్ర నేరాభియోగాలు ఎదుర్కొనే పేదలకు ప్రభుత్వమే న్యాయవాదిని సమకూర్చాలని నిర్దేశించింది.

1965లో అధ్యక్షుడు జాన్సన్ ఆయనను సుప్రీంకోర్టుకు నియమించారు. బాల నిందితులకూ న్యాయప్రక్రియలో హక్కులుంటాయన్న 1967 నాటి తీర్పు ఆయన రాసినదే. అయితే న్యాయమూర్తిగా ఉంటూనే అధ్యక్షునికి ఆంతరంగిక సలహాదారుగా కొనసాగారు. 1968లో జాన్సన్ ఆయనను ప్రధాన న్యాయమూర్తి పదవికి ప్రతిపాదించినప్పుడు ఈ స్నేహమే మొదటి అభ్యంతరమైంది.

సెనేట్ విచారణలో మరో సంగతి వెలుగు చూసింది. ఒక విశ్వవిద్యాలయంలో వేసవి ఉపన్యాసాలకు ఆయన 15,000 డాలర్లు స్వీకరించారు. ఆ సొమ్మును ఆయన పూర్వ భాగస్వామి వ్యాపార ప్రముఖుల నుంచి సేకరించారు. వారి వ్యాజ్యాలు రేపు అదే కోర్టుకు వస్తే ఎలా అన్నది సెనేటర్ల ప్రశ్న. ప్రత్యర్థులు చర్చను సాగదీశారు. దానిని ముగించేందుకు మూడింట రెండు వంతుల మద్దతు అవసరం కాగా, అక్టోబరు 1న అనుకూలంగా 45, ప్రతికూలంగా 43 ఓట్లు పడ్డాయి. ప్రతిపాదన ఉపసంహరణకు గురైంది.

మరుసటి ఏడాది లైఫ్ పత్రిక మరో ఒప్పందాన్ని బయటపెట్టింది. లూయిస్ వుల్ఫ్‌సన్ అనే పెట్టుబడిదారుని ధర్మసంస్థ నుంచి ఏటా 20,000 డాలర్లు ఆయనకు అందేలా ఆ ఒడంబడిక కుదిరింది. వుల్ఫ్‌సన్‌పై నేరాభియోగాలు నమోదయ్యాక, అప్పటికి తీసుకున్న సొమ్మును ఫోర్టస్ తిరిగి ఇచ్చివేశారు. అయినా అపనమ్మకం తొలగలేదు. 1969 మే నెలలో ఆయన రాజీనామా చేశారు. ఆయనపై నేరాభియోగం ఏదీ మోపలేదు.

పాత సంస్థ తలుపులు తెరవలేదు. ఆయన మరొక సంస్థ ఆరంభించి వకాలత్ కొనసాగించారు. 1982 మార్చిలో, తాను ఒకనాడు కూర్చున్న పీఠం ఎదుట న్యాయవాదిగా నిలిచి వాదించారు. రెండు వారాలకే, ఏప్రిల్ 5న కన్నుమూశారు.

పేదవాని హక్కుకు అండగా నిలిచిన తీర్పులు నేటికీ చెల్లుబాటులో ఉన్నాయి. న్యాయమూర్తి ఆదాయ మార్గాలు ప్రజల కంటికి కనబడాలన్న పాఠం కూడా ఆయన జీవితంతోనే ముడిపడి మిగిలింది.