నాలుగు వస్తువుల బొమ్మ

హాస్యచిత్రం పోస్టరుకు పేరు రాయనవసరం లేదని చూపినవారు చార్లీ చాప్లిన్. చిన్న టోపీ, చేతికర్ర, గుబురు మీసం, పెద్ద బూట్లు గీస్తే చాలు, అక్షరం రానివారూ గుర్తుపట్టేవారు.

ఆయన 1889 ఏప్రిల్ 16న జన్మించారు. తల్లిదండ్రులిద్దరూ రంగస్థల గాయకులే అయినా, ఏడేళ్ల వయసులో లండన్‌లోని బీదల ఆశ్రమంలో తలదాచుకోవలసి వచ్చింది. 1914లో ఆ వేషం తొలిసారి తెరకెక్కింది. ప్యాంటు వదులు, కోటు బిగుతు. ఆ పొంతన లేని బట్టలే పోస్టరు చిత్రకారులకు వరమయ్యాయి. 1921లో వచ్చిన 'ది కిడ్' పోస్టరులో పిల్లవాడితో గుమ్మంలో కూర్చున్న ఆయన ముఖాన నవ్వు లేదు. నవ్వించే సినిమాకు నవ్వుముఖమే అచ్చువేయాలన్న నియమం లేదని నాకు దాన్ని చూశాకే తెలిసింది.

1925 జులై 6 నాటి 'టైమ్' పత్రిక ఆయనను ముఖచిత్రంగా వేసింది. సినీనటులలో ఆ గౌరవం మొదట ఆయనదే. అదే అమెరికా, రాజకీయ అనుమానాలతో 1952లో ఆయన తిరిగి వచ్చే అనుమతిని రద్దు చేసింది. శేషజీవితం స్విట్జర్లాండులో గడిపారు. 1972లో మాత్రం గౌరవ ఆస్కారు ఇచ్చి పిలిపించుకుంది. 1977 డిసెంబరు 25న కన్నుమూశారు.

మీ మనవలకు ఆ నాలుగు వస్తువులూ గీసి చూపండి. పేరు వాళ్లే చెబుతారు.